పాట వద్దంటున్నారా, ఆ పాట వద్దంటున్నారా?

విజయనగరంలో పుట్టి పెరిగి, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. వారి నాన్నగారు కిందటి మార్గశిర బహుళ తదియ నాడు, డెబ్బై ఒకటో ఏట, గుండెపోటుతో కన్నుమూశారు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషి చిన్నతనంలో ఊళ్లోని మహారాజా సంగీత కళాశాలలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నారట. కచేరీలు చేసే స్థాయికి చేరలేదు, చేరాలన్న తాపత్రయమూ పడలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆయన వీధి అరుగు మీద చాప పరిచి కూర్చుంటే, మృదంగం వాయించే ఒక పెద్దాయన, లెక్కల మాస్టారు, మందుల షాపు యజమాని, ఏ వాద్యమూ రాకపోయినా ముప్ఫై ఏళ్లపాటు ఎంతో శ్రద్ధగా తాళం తప్పు వేసిన పక్కవీధి ఆయన ఒక్కొక్కరుగా వచ్చి చేరేవారు. ఆ ఇంట్లో కుక్క లేని రోజు లేదు. మోహన, కాంభోజి అనే రెండు కుక్కల తరవాత, తొమ్మిదేళ్ల కిందట వానలో తడుస్తూ కాలువ పక్కన దొరికిన పిల్లకు ఆయన ‘తోడి’ అని పేరు పెట్టారు. రాగం పేరా, తోడు కోసం పెట్టిన పేరా అని ఎవరైనా అడిగితే, రెండింటికీ తేడా ఏముందని నవ్వేవారట.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో పాట వినబడితే తల్లిగారు లేచి లోపలికి వెళ్లిపోతున్నారు. వయొలిన్ పెట్టె అటకెక్కింది. స్నేహితులు మొదట్లో రెండు మూడుసార్లు వచ్చి, పది నిమిషాలు కూర్చుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇప్పుడు అసలు రావడం లేదు. తోడి మాత్రం ఆరు గంటలకు గేటు దగ్గరకు వెళ్లి, ఎనిమిది దాకా ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంటోంది. అమెరికాలో ఉన్న తమ్ముడు సంవత్సరీకానికి వస్తున్నాడు. దానికి ముందురోజే ఊళ్లో పెద్ద హాలు తీసుకుని, చెన్నై నుంచి ఒక విద్వాంసుణ్ణి పిలిపించి, నాన్న పేరిట స్మారక కచేరీ చేయిద్దామంటున్నాడు. ఏటిసూతకం తీరకముందే పాటకచేరీలేమిటని పెదనాన్నగారు కోప్పడుతున్నారు. తల్లిగారిని అడిగితే ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటున్నారు. తోడిని తెలిసినవారి మామిడితోటకు పంపేసి, అమ్మను ఆరు నెలలు తన దగ్గరకు తీసుకువెళ్తానన్నది తమ్ముడి మరో ప్రతిపాదన. ‘నాన్నంటే ఇష్టం లేనివారు ఊళ్లో లేరు. అలాంటి మనిషిని తలుచుకోవడం ఇంత కష్టమవుతుందని అనుకోలేదు. అమ్మ మనసు నొప్పించి అయినా కచేరీ చేయాలా, అమ్మ కోసం మానుకోవాలా?’ అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరం నాలుగో పేజీలో, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తమ్ముడు వచ్చేదాకా నాన్నగారిని రెండు రాత్రులు ఫ్రీజర్ బాక్సులో ఉంచవలసి వచ్చిందనీ, ఆ పెట్టెతోపాటు అద్దెకు వచ్చిన స్పీకరులో ఆ రెండు రాత్రులూ ఘంటసాల భగవద్గీత మోగుతూనే ఉందనీ, తగ్గించమని ఎవరికీ తోచలేదనీ రాశారు. అమ్మగారు పెట్టె పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారనీ ఆ వాక్యంలోనే ఉంది.

ఘంటసాల మీ ఊరి కళాశాలలో చదువుకున్నవారు. పత్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికం చేస్తూ, ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకుంటూ సంగీతం నేర్చుకున్న మనిషి. విజయనగరంలో మీ నాన్నగారి తరానికి ఆ గొంతు సినిమా గొంతు కాదు, ఇంట్లోవాడి గొంతు. 1974లో ఆయన పోయిన తరవాత, ఎలా మొదలైందో గాని, ఆయన పాడిన గీత తెలుగు వీధుల్లో చావు కబురుకు గుర్తుగా మారిపోయింది. సందు మలుపులో అది వినబడగానే ‘ఎవరింట్లో?’ అని అడుగుతాం తప్ప ఏ శ్లోకమో వినం. అటు పాడినవారికీ ఇటు గీతకూ మనం చేసిన అన్యాయంగానే నాకు తోస్తుంది. అది వేరే సంగతి. నలభై నాలుగేళ్లు ఆ గొంతు మీ అమ్మగారికి భర్త ఇష్టంగా వినే గొంతు. ఆ రెండు రాత్రుల్లో అది ఫ్రీజర్ మోటారు చప్పుడుతో కలిసిపోయింది. అందుచేత ఆమె పాట వద్దంటున్నారా, ఆ పాట వద్దంటున్నారా అన్నది ముందుగా తెలుసుకోవాలి. ఈ రెండూ ఒకటే అనుకోబట్టే మీ ఇంట్లో ఇంత చిక్కు ఏర్పడిందని నా అనుమానం.

అనుమానానికి ఆధారం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. జులైలో మీరు వెళ్లినప్పుడు ఆమె వంటింట్లో బెండకాయలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నారనీ, మీ అడుగుల చప్పుడు వినగానే ఆపేశారనీ రాశారు. సంగీతం మీద విరక్తి పుట్టినవారు కూనిరాగం తీయరు. భర్త పోయి ఏడాది తిరగకుండా పాడుకుంటూ కనబడిన స్త్రీని లోకం ఏమంటుందో ఆమె తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు కనుక, ఆ లోకంలో మిమ్మల్ని కూడా ఆమె కలుపుకుని ఉండవచ్చు. నా ఊహ తప్పయినా కావచ్చు. తేల్చుకోవాలంటే ‘కచేరీ చేద్దామా అమ్మా?’ అని అడిగి లాభం లేదు. ఆ ప్రశ్నకు ‘మీ ఇష్టం’ తప్ప వేరే జవాబు ఉండదు. ఆ పూట స్పీకరు ఆపించనందుకు మీకే బాధగా ఉందని ఆమెతో ఒక్కసారి అని చూడండి. అడగకండి, చెప్పండి. ఆ తరవాత ఆమె మాట్లాడినా, మాట్లాడకుండా మీ పక్కన కూర్చున్నా, మీకు ఎంతో కొంత తెలుస్తుంది.

ఇంకొక సంగతి రాయడానికి కొంచెం సంకోచిస్తున్నాను. ‘ఆరున్నరకల్లా అమ్మ లోపలినుంచి ఐదు కాఫీలు పంపేది’ అని మీరు ముచ్చటగా రాశారు. నాన్నగారు, నలుగురు స్నేహితులు కలిపి ఐదు. ఆమె కాఫీ ఆమె ఎక్కడ తాగేవారో ఉత్తరంలో లేదు. మీ నాన్నగారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు; ఆయన అందరికీ ప్రియమైనవారే, అందులో సందేహం లేదు. అయితే అరుగు మీద కూర్చున్నవారు చూసిన మనిషి వేరు, తలుపు ఇవతల నుంచి ఆమె చూసిన మనిషి వేరు. స్మారక సభల్లో సాధారణంగా అరుగు మీది మనిషే తలపుకు వస్తాడు. ఆయన ఎంత సరదా మనిషో, ఎంత స్నేహశీలో నలుగురూ మైకు ముందు చెబుతుంటే, ఆ సరదాకు కావలసిన పాలూ పంచదారా నెల నెలా సర్దినామె మొదటి వరసలో తలవంచుకుని కూర్చోవలసి వస్తుంది. ఆమెకు వద్దనిపిస్తున్నది పాట కాక, ఆ వరసేనేమో.

ఇక మీ తమ్ముడి ఆలోచన. అతని మీద మీకు కొంత కోపం ఉన్నట్టుంది. ‘డబ్బు పంపిస్తే అయిపోతుందనుకుంటాడు’ అని రాశారు. తండ్రిని ఆఖరిసారి అద్దంలోంచి చూసినవాడు అతను. దూరం ఎంత పెద్దదో చేసే పని కూడా అంత పెద్దదిగా ఉండాలనిపించడం సహజం. హాలులో కచేరీ పెడితే జరిగేదేమిటో మాత్రం అతనికి విడమరిచి చెప్పండి. చెన్నై నుంచి వచ్చే విద్వాంసుడు గొప్పగా పాడతాడు, కాని ఆయనకు మీ నాన్నగారెవరో తెలియదు. జ్యోతి ప్రజ్వలనం, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి గంటన్నర గడుస్తుంది. మృదంగం పెద్దాయన మూడో వరసలో శ్రోతగా కూర్చుంటారు. పైగా మర్నాడు ఆబ్దికం పెట్టవలసిన కొడుకు ముందురోజు ఒంటిపూట భోజనంతో నియమంగా ఉండాలి. ఇంట్లో భోక్తల ఏర్పాట్లు, వంటవారు, బంధువులు. ఆ రోజునే హాలు తాళాలూ మైకుసెట్టూ చూసుకోవాలంటే రెండు పనుల్లో ఏదీ సరిగ్గా సాగదు. ఇంత తెలిసీ అతను చేయాలనుకుంటే అందులో తప్పేమీ లేదు. ఊళ్లో సంగీతం విననివారు కూడా నాలుగు కీర్తనలు వింటారు, నాన్నగారి పేరు పదిమంది నోటా పలుకుతుంది. ఖర్చు కూడా మీరు భయపడుతున్నంత సమస్య కాదు. అమ్మ ఆ రోజు హాలుకు రాకపోయినా ఎవరూ ఏమీ అనకూడదన్న షరతు మాత్రం ముందే పెట్టుకోండి.

పెదనాన్నగారి అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. ఏటిసూతకం అన్నది ఆయనకు తమ్ముడి కోసం పాటిస్తున్న చివరి మర్యాద. సంవత్సరీకంతో ఆ ఏడాది తీరిపోతుంది కనుక, ఆయన అడుగుతున్నది నిజానికి కొద్ది రోజుల ఓపిక మాత్రమే. పోయినవారిని పాటతో తలుచుకోవడం మన సంప్రదాయానికి కొత్తా కాదు. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఏటా ఆ తిథినాడే తిరువయ్యారులో వందలమంది ఆయన సమాధి దగ్గర కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడతారు. ఆ పూట ఒకరిది కచేరీ, మిగిలినవారు శ్రోతలు అన్న తేడా ఉండదు; వచ్చినవారంతా పాడేవారే. మీ నాన్నగారి తిథి మార్గశిర బహుళ తదియ. నెల మీద రెండు రోజులకు పుష్య బహుళ పంచమి వస్తుంది. ఆ నాటి సాయంత్రం మీ అరుగు మీదే చాప పరిచి, ఆయన స్నేహితులూ, రమ్మంటే వచ్చే కళాశాల విద్యార్థులు నలుగురూ కూర్చుని వచ్చినంత మేరకు పాడితే, పెదనాన్నగారు అడ్డు చెప్పకపోగా తానే ముందు వచ్చి కూర్చుంటారని అనుకుంటున్నాను. ఇందులో ఉన్న ఇబ్బంది, మీ తమ్ముడికి అంతకాలం సెలవు దొరకకపోవడం. దొరకకపోతే ఆబ్దికం అయిన రెండో రోజు సాయంత్రం పెట్టుకోవచ్చు. అప్పుడు త్యాగరాజస్వామి అండ ఉండదు, తమ్ముడు ఉంటాడు. ఏది ముఖ్యమో మీరిద్దరూ ఫోనులో తేల్చుకోవలసిన విషయం. ఎక్కడ చేసినా కాఫీలు మాత్రం ఆ పూటకు మీరు కలపండి, లేదా బయటినుంచి తెప్పించండి.

నాన్నగారి పేరిట సంగీత కళాశాలలో బహుమతి పెట్టాలని మీరు రాసిన ఆలోచన మంచిదే. 1919లో మొదలై, హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా, ఆయన తరవాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న చోటు అది. వయొలిన్ నేర్చుకున్న మనిషి పేరు అక్కడ వినబడటం కన్నా గౌరవం లేదు. ప్రభుత్వ కళాశాల కనుక డబ్బు ఏ పద్ధతిలో తీసుకుంటారో ముందు కనుక్కోండి. లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి ఏడు వేలు. దానితో ఒకరికి పతకం ఇవ్వవచ్చు, లేదా తెగిన తీగలు కొనుక్కోవడానికి వెనకాడే పిల్లలకు ఏడాది పొడుగునా తీగలు కొనివ్వవచ్చు. నన్నడిగితే తీగలే మేలంటాను. తపాలా ఉద్యోగి జీతంలో తీగలు కొనుక్కున్న మనిషికి వాటి విలువ తెలుసు.

స్నేహితులు రాకపోవడానికి కారణం వారు మరిచిపోవడమని మీరు బాధపడ్డారు. నాకలా అనిపించడం లేదు. భర్త పోయిన ఆమె ఒంటరిగా ఉన్న ఇంటి అరుగు మీద, పని లేకుండా, నలుగురు మగవాళ్లు సాయంత్రం పూట వచ్చి కూర్చోవడం మన ఊళ్లలో ఎంత ఎబ్బెట్టో వారికి తెలుసు. ఇన్నాళ్లూ వారి పని మీ నాన్నగారే. ఇప్పుడు వారికి వేరే పని కావాలి. తాళం తప్పు వేసే ఆయన రోజూ ఆరింటికి నడకకు వెళతారని మీరే రాశారు. దారిలో తోడిని తీసుకువెళ్లి ఏడింటికి దింపగలరేమో అడగండి. ఓదార్చడానికి రాలేని మనిషి కుక్క గొలుసు అందుకోవడానికి తప్పక వస్తాడు. గొలుసు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు అమ్మగారితో రెండు ముక్కలు మాట్లాడతాడు. మొదట్లో వాన గురించే అయి ఉండవచ్చు.

తోడి గురించి. ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ ఈపాటికి మీకు అందరూ చెప్పే ఉంటారు కనుక నేను చెప్పను. ఆ దారి పొడుగునా దానికి తిండి ఎవరు పెట్టారో ఆ కథలో లేదు, మీ ఇంట్లో తేలవలసింది అదే. కుక్క మనసులో ఏముందో మనం చెప్పలేం గాని, దాని దినచర్య విరిగిందని మాత్రం చెప్పగలం. మామిడితోటకు పంపితే విశాలంగా తిరుగుతుందన్నది నిజమే. కాని తొమ్మిదేళ్ల ఊరకుక్కకు అది ముసలితనం మొదలయ్యే వయసు, కొత్త చోట కొత్త కుక్కలతో పోట్లాడి నెగ్గే వయసు కాదు. హైదరాబాద్‌లో మీ అపార్టుమెంటుకు తీసుకువెళ్లవచ్చు. కుక్కలను పెంచుకోకూడదని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఆ భయం అక్కర్లేదు. కాని పగలంతా మూసిన తలుపుల మధ్య అది ఒంటరిగా ఉండాలి. అమ్మ దగ్గరే ఉంచితే ఆమెకు పని, ఆమెకే తోడు కూడా. ‘దీనికి నేను పెడితేనే తింటుంది’ అని ఆమె విసుక్కుంటారని రాశారు. ఆ విసుగులో నాకు కొంచెం గర్వం కూడా వినబడింది. అమెరికా ప్రయాణం మాటెత్తే ముందు ఆమెను ఇది అడగండి. ఏ దారి ఎంచుకున్నా, అది రెండు రోజులు వరసగా తిండి ముట్టకపోతే బెంగ అని సరిపెట్టుకోకుండా పశువుల డాక్టరుకు చూపించండి. ఆ వయసులో పంటి నొప్పి కూడా బెంగలాగే కనబడుతుంది. ఏటా వేయించే రేబిస్ టీకా సంగతి నాన్నగారే చూసుకునేవారు కనుక ఈసారి దాటిపోయి ఉండవచ్చు, కార్డు చూడండి.

అటక మీది పెట్టెకు వస్తాను. మా ఇంట్లో పెదబావగారు పోయినప్పుడు ఆయన రేడియోను శుభ్రంగా తుడిచి గాజు అలమరాలో పెట్టాం. ఆయన ఉండగా దాని నిండా దుమ్ము ఉండేది, కాని మోగేది. వయొలిన్ విషయంలో ఆ పొరపాటు ఇంకా త్వరగా బయటపడుతుంది. వెలుతురు తగలని పెట్టెలో నెలల తరబడి ఉంటే కమాను వెంట్రుకలను పురుగు కొట్టేస్తుంది. కమాను బిగించి ఉంటే కర్ర వంపు చెడుతుంది, కనుక మర తిప్పి వదులు చేయించండి. తీగలను మాత్రం ఒకేసారి పూర్తిగా వదలకండి. తీగలను ఎత్తిపట్టే గుర్రం పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న పుల్ల కూడా ఒరిగిపోతుంది. మృదంగం పెద్దాయనకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. పెట్టె దింపి చూసిపెట్టమని అడగడం ఆయనకు ఇచ్చే పని. ఆ వయొలిన్ ఇంట్లో ఉండాలా, నేర్చుకుంటున్న పిల్లవాడి చేతికి వెళ్లాలా అన్నది ఈ ఏడాదే తేల్చనక్కర్లేదు.

చెప్పుల పెట్టెలో దొరికాయని మీరు రాసిన నలభై క్యాసెట్ల విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీది సముద్రపు గాలి తగిలే ప్రాంతం, టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. ముందు విలువ లేని క్యాసెట్ ఒకటి వేసి, యంత్రం టేపును నమలడం లేదని చూసుకున్నాకే ఇవి వేయండి. ఒక్కొక్కటి ఆగకుండా మొదటినుంచి చివరిదాకా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక ప్రతి తమ్ముడికి పంపండి. హాలు బుక్ చేయడం కన్నా అతను ఇది ముందు చేసేవాడేమో, క్యాసెట్లున్నాయని తెలిస్తే.

వాటిలో మీరు విన్నది ఒక్కటే అన్నారు. 1998 సంక్రాంతి అని నాన్నగారి చేతిరాత ఉన్నది. మోహన రాగం మధ్యలో కాబోలు కుక్క మోహన మొరుగుతుంది, ఎవరో నవ్వుతారు, వయొలిన్ ఆగుతుంది, నాన్నగారు లోపలికి కేకేస్తారు: ‘ఏమోయ్, నువ్వూ వచ్చి కూర్చో.’ లోపలినుంచి అమ్మగారి గొంతు: ‘పొయ్యి మీద పాలున్నాయి.’ మీరు దీన్ని హాస్యంగా రాశారు. అది ఘంటసాల గొంతు కాదు, ఫ్రీజర్ బాక్సు పక్కన వినబడిన గొంతు కాదు, ఆమెనే పిలిచిన గొంతు. ఆ క్యాసెట్ ఆమెకు వినిపించవచ్చు. ఇలాంటిది ఒకటి ఉందని చెప్పి, ఎప్పుడు వినాలో ఆమెకే వదిలేయవచ్చు. ఆమె ఎప్పటికీ వద్దనవచ్చు కూడా. చెప్పకుండా హఠాత్తుగా మాత్రం వినిపించకండి. ఆ తరవాత పాలు పొంగిన చప్పుడు, గిన్నె దింపిన చప్పుడు కూడా ఉన్నాయని రాశారు కదా. క్యాసెట్లు ఎక్కించేవారు, ఆ చప్పుళ్లన్నీ తీసేసి శుభ్రం చేసిస్తామంటే ఒప్పుకోకండి.